ఇసుకలో లేని రెండు పీకులు: ఒక గామా స్పెక్ట్రం కేసు

ఎమ్మెస్సీ వాళ్లకి పెయిర్ ప్రొడక్షన్ పాఠం 12 ఏళ్లు చెప్పాను. బోర్డు మీద అలలా ఒక గీత, అది గామా ఫోటాన్ (కాంతి కణం), దాని చివర కేంద్రకం అని ఒక చుక్క, ఆ చుక్క దగ్గర్నుంచి చీలిపోయే రెండు గీతలు. ఒకటి ఎలక్ట్రాన్, రెండోది పాజిట్రాన్, అంటే అంతే బరువుండి ధనావేశం ఉన్న దాని జంట. శక్తి పదార్థంగా మారింది, రాసుకోండి అనేవాణ్ణి. రాసుకునేవాళ్లు. ఆ పాఠమే మా ల్యాబ్‌లో కంప్యూటర్ తెర మీద రెండు పీకులై (గామా శక్తుల గ్రాఫులో, అంటే స్పెక్ట్రంలో, ఒకే శక్తి దగ్గర లెక్కలు గుమికూడి లేచే శిఖరాలు) నిలబడితే మూడు వారాల పాటు నేను గుర్తుపట్టలేదు. ఆ మూడు వారాల్లో ఏ పూట ఏమనుకుని ఏం చేశామో రాస్తున్నాను. ఊరు, సంస్థ, సంవత్సరం, విద్యార్థిని వివరాలు కావాలనే వదిలేశాను.

నేపథ్యం

ఆమె పీహెచ్‌డీ విద్యార్థిని. ఉత్తరాంధ్ర తీరంలో బీచ్ ఇసుకలోని సహజ రేడియోధార్మికత మీద పని. ఆ తీరంలో కొన్నిచోట్ల అలలు ఇసుకను చెరిగినట్టు చెరిగి బరువైన ఖనిజాలను ఒక పొరగా మిగులుస్తాయి. ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్‌లతో పాటు కాస్త మోనజైట్ కూడా అందులో ఉంటుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. థోరియం-232 వరుసగా పిల్లల్ని కంటూ పోతుంది. ఆ వరుసలో చివరికి దగ్గరగా వచ్చే థాలియం-208 నుంచి 2614.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం వస్తుంది. మన చుట్టూ ఉండే మట్టి, రాయి, గోడల నుంచి వచ్చే ప్రధానమైన గామా కిరణాల్లో శక్తిలో దీనిదే పైచేయి. ఈ శక్తి కొలమానాన్ని ఇకపై ల్యాబ్‌లో అనుకున్నట్టే కేఈవీ అంటాను.

అంతకుముందు మా దగ్గర సోడియం అయొడైడ్ డిటెక్టరే ఉండేది. దానిలో పీకులు గుట్టల్లా వస్తాయి, దగ్గర దగ్గరగా ఉన్నవి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆ ఏడాదే కొత్తగా హై ప్యూరిటీ జెర్మేనియం డిటెక్టర్ వచ్చింది. ద్రవ నైట్రోజన్ పోసి మైనస్ 196 డిగ్రీల దగ్గర నడపాలి. కోబాల్ట్-60 తాలూకు 1332.5 దగ్గర పీకు వెడల్పు 2 కేఈవీకి లోపే. గుట్టల స్థానంలో సూదులు వచ్చాయన్నమాట. సూదులు చూడటం అలవాటైన కళ్లు మాత్రం మాకు ఇంకా రాలేదు.

పద్ధతి మామూలే. ఇసుక ఆరబెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి, మూత చుట్టూ టేపు బిగించి నెల రోజులు పక్కన పెట్టాలి, లోపలి రాడాన్ దాని పిల్లలతో సమతుల్యానికి రావడానికి. తరవాత సీసపు గూడులో డిటెక్టర్ టోపీ మీద పెట్టి ఒక రోజంతా లెక్కించాలి.

వచ్చిన సమస్య

అంతకుముందు చూసిన తొమ్మిదో పదో శాంపిళ్లు పలచనివి. ఇది మాత్రం నల్లటి పొర నుంచి తీసింది, డబ్బా పట్టుకుంటేనే బరువు తెలిసింది. పొద్దున వచ్చేసరికి స్పెక్ట్రం నిండుగా ఉంది. సాఫ్ట్‌వేర్ చాలా పీకులకి పేర్లు పెట్టుకుంటూ పోయింది: లెడ్-212, థాలియం-208, యాక్టీనియం-228. చివర్లో రెండు దగ్గర ఆగింది.

2106.7 దగ్గర ఒక పీకు. దాని ఎదురుగా పేరు లేదు.

1594.9 దగ్గర ఇంకొకటి. దాని ఎదురుగా ‘లాంథనం-140’ అని రాసింది.

ఆ పేరు చూసి ఆమె మొహం మారింది. లాంథనం-140 సహజంగా దొరికేది కాదు. యురేనియం చీలినప్పుడు పుట్టే బేరియం-140కి సంతానం. అంటే రియాక్టర్ నుంచో పేలుడు నుంచో రావాలి. "సార్, ఇది ఎవరికైనా చెప్పాలా?" అని మెల్లగా అడిగింది. "ముందు మనకి మనం చెప్పుకుందాం ఆగమ్మా" అన్నాను. పైకి అలా అన్నాను గానీ నాకూ టెన్షన్‌గానే ఉంది.

ఏం చేసి చూశాం

మొదటి ప్రశ్న: నిజంగా లాంథనమేనా? చాలా ఐసోటోపులు ఒక్క పీకుతో రావు, బంధువర్గంతో వస్తాయి. లాంథనం-140కి 1596.2తో పాటు 328.8, 487.0, 815.8 దగ్గర కూడా గట్టి గీతలుండాలి. 328 దగ్గర పీకు ఉంది! ఒక పూటంతా ఆ ఒక్క పీకు మమ్మల్ని తిప్పలు పెట్టింది. తీరా చూస్తే యాక్టీనియం-228కి కూడా 328.0 దగ్గర గీత ఉంది. థోరియం ఇంత ఉన్న శాంపిల్లో అది ఉండి తీరాలి. 487 దగ్గర మాత్రం నేల చదునుగా ఉంది. లాంథనం ఉంటే ఆ గీత కనబడకుండా పోదు.

అక్కడితో వదిలేయాల్సింది. కానీ అనుమానం ఒకసారి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. కాలంతో తేల్చుకుందాం అనుకున్నాను. లాంథనం అర్ధాయువు 40 గంటలు. ఐదు రోజులాగి మళ్లీ లెక్కిస్తే ఎనిమిదో వంతుకు పడిపోవాలి. పడలేదు. అయితే నేను ముందే ఆలోచించాల్సిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది: వెనకాల తండ్రి బేరియం-140 ఉంటే లాంథనం తగ్గేది తండ్రి నడకనే, దాని అర్ధాయువు 12.75 రోజులు. ఐదు రోజుల పరీక్ష దేన్నీ తేల్చదు. కాబట్టి 13 రోజులు ఆగాం. పీకు సగానికి రావాలి. లెక్కింపులో మామూలుగా ఉండే తేడా మేరకు చూస్తే అలాగే ఉంది.

ఈ ఆగిన రోజుల్లో ఖాళీ డబ్బా పెట్టి బ్యాక్‌గ్రౌండ్ తీశాం. గూడు లోపల తుడిచి మళ్లీ తీశాం. రెండు పీకులూ పోయాయి. సంతోషించాం: వీటికి మూలం గూడు కాదు, ఇసుకే. ఈ ఫలితం నిజమే. దాన్ని మేం చదివిన తీరే తప్పు. ఇసుక తీసేస్తే పోయాయి కాబట్టి ఆ పీకుల తాలూకు పదార్థం ఇసుకలో ఉందనుకున్నాం. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో అప్పుడు తట్టలేదు.

రెండు వారాలు దాటాక ఆమే ఒక మాట అంది. "సార్, 2614 దగ్గరది చూడండి. సాఫ్ట్‌వేర్‌కి అది కూడా తెలియలేదు. మనమే పెన్నుతో థాలియం అని రాశాం." నిజమే. తెర మీద అది 2618.4 అని ఉంది. అసలు విలువకి దాదాపు 4 కేఈవీ ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌కి మేమిచ్చిన హద్దు 2 కేఈవీ, అందుకే అది పేరు పెట్టలేదు. మేం మాత్రం తెలిసినవాడే కదా అని వదిలేశాం. తెలిసిన పీకుకి 4 కేఈవీ మాఫీ చేసి, తెలియని పీకు విషయంలో తెర మీది అంకెని వేదంలా నమ్మాం.

అప్పుడు కాలిబ్రేషన్, అంటే తెలిసిన గీతలతో తెర మీది స్థానాలకి శక్తి అంకెలు కట్టిన లెక్క, చూశాను. సీసియం-137, కోబాల్ట్-60తో వారం ముందు చేసిన కాలిబ్రేషన్ అది. 1332 దాటాక అంతా అంచనా మీదే నడుస్తోంది. పైగా రాత్రిళ్లు ఏసీ ఆపేస్తున్నారు, గది వేడెక్కితే ఆంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) జరుగుతుంది. 0.15 శాతం జరిగింది. కింద 583 దగ్గర ఆ తేడా ఒక కేఈవీ కూడా కాదు, కంటికి ఆనదు. పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఏసీ రాత్రంతా వేయించి, శాంపిల్లోనే ఉన్న థోరియం గీతలతో, 2614.5 కూడా కలుపుకుని మళ్లీ కాలిబ్రేషన్ చేశాం. గంట పని. 1594.9 అన్నది 1592.5కి దిగింది. 2106.7 అన్నది 2103.5కి దిగింది. 1596.2కీ దానికీ ఇక చుట్టరికం లేదు. 13 రోజులు ఆగి తెలుసుకున్నది ఈ గంటలో తెలిసేది.

పైగా ఇంకో సంగతి బయటపడింది. 1592.5 పక్కనే 1588.2 దగ్గర యాక్టీనియం సొంత పీకు ఉంది. అవి ఒక పీకూ దాని భుజమూ కాదు, పక్కపక్కనే నిలబడ్డ రెండు పీకులు. దీని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

లాంథనం పోయింది, తెలియని పీకులు రెండూ మిగిలాయి. కొత్త ఆలోచన నాదే: రెండు గామాలు ఒకేసారి డిటెక్టర్లో పడితే రెండింటి మొత్తం దగ్గర దొంగ పీకు వస్తుంది, సమ్ పీక్. థాలియంలో 583, 2614 ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి 3198 దగ్గర అలాంటిది చిన్నది కనబడుతోంది కూడా. మరి ఇవీ అలాంటివేనేమో. పరీక్ష తేలిక. రెండూ కలిసి పడాలంటే రెండింటికీ అదృష్టం ఉండాలి. డబ్బాని దూరం జరిపితే సమ్ పీక్ మిగతా పీకుల కంటే చాలా వేగంగా పడిపోవాలి. 10 సెంటీమీటర్లు పైకెత్తి, శనివారం పెట్టి సోమవారం దాకా లెక్కించాం. 3198 కనుమరుగైంది. మా రెండు పీకులు 2614తో పాటే, అదే నిష్పత్తిలో తగ్గాయి. ఈ ఊహా పోయింది.

తీసివేత

పరిష్కారం నాకు తట్టింది కాదు. థీసిస్ కోసం ఆమె ఎక్సెల్‌లో పట్టిక వేసుకుంటూ, కాలిబ్రేషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక పీకుకీ పక్క పీకుకీ తేడా అని ఒక కాలమ్ పెట్టింది. నా గదికి వచ్చి కాగితం బల్ల మీద పెట్టింది. "సార్, పై మూడింటికీ గ్యాపు ఒకటే వస్తోంది."

2614.5 నుంచి 2103.5కి 511.0. అక్కణ్ణుంచి 1592.5కి 511.0.

ఆ అంకె చూశాక ఇంకేం మాట్లాడటానికి లేదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని కాంతి వేగపు వర్గంతో గుణిస్తే వచ్చేది 511 కేఈవీ. ఎన్ని పరీక్షల్లో ఎంతమందిని అడిగానో ఆ అంకె. నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు.

ఇంత ఆలస్యం ఎందుకైందని తరవాత ఆలోచించాను. ఒక కారణం సిగ్గుపడాల్సింది: బోర్డు మీది పాఠం వేరు, ల్యాబ్ పని వేరు అన్నట్టు బుర్రలో రెండు గదులు కట్టుకున్నాను. రెండోది కాస్త గౌరవంగా చెప్పుకోదగ్గది. పాజిట్రాన్ పుట్టినచోట 511 దగ్గర పీకు ఎత్తుగా కనబడాలి, అదే మొదటి ఆనవాలు. మా స్పెక్ట్రంలో అది ఉంది. కానీ థాలియం-208కి సొంతంగా 510.8 దగ్గర గామా ఉంది. సాఫ్ట్‌వేర్ థాలియం అని రాస్తే మేం తలూపాం. దొంగ సరిగ్గా అదే రంగు చొక్కా వేసుకున్నవాడి వెనక నిలబడ్డాడు. నిజానికి ఆ పీకు వెడల్పు చూసినా అనుమానం రావాల్సింది, పక్కనే ఉన్న 583 కంటే అది లావుగా ఉంది.

స్ఫటికంలో జరిగింది

కింద చెప్పబోయే పరీక్షలకి ముందు ఆమెకీ నాకూ బోర్డు దగ్గర గంటసేపు చర్చ నడిచింది. దాన్ని ఇక్కడ కాస్త వివరంగా పెడతాను, ఎందుకంటే ఈ కేసులో నేను కొత్తగా నేర్చుకున్నది అక్కడే.

2614.5 కేఈవీ ఫోటాన్ జెర్మేనియం స్ఫటికంలోకి వస్తుంది. ఎక్కువసార్లు ఏదో ఒక ఎలక్ట్రాన్‌ని తన్ని దారి మార్చుకుంటుంది. కొన్నిసార్లు మాత్రం జెర్మేనియం కేంద్రకానికి బాగా దగ్గరగా పోయినప్పుడు ఫోటానే ఉండదు. దాని చోట ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్. రెండింటి ద్రవ్యరాశికి చెల్లించాల్సిన ధర 511 చొప్పున 1022 కేఈవీ. మిగిలిన 1592.5 ఆ రెండూ పంచుకునే చలన శక్తి. పంపకం సమానంగా ఉండాలని లేదు. ఎలా పంచుకున్నా మిల్లీమీటరు అటూ ఇటూగా స్ఫటికంలోనే ఆ వేగమంతా ఖర్చు పెట్టేస్తాయి, డిటెక్టర్ దాన్నంతా లెక్కలో వేసుకుంటుంది.

ఇక పాజిట్రాన్. అది నెమ్మదించాక స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరిస్తుంది, 511 కేఈవీ ఫోటాన్లు రెండు ఎదురెదురు దిక్కుల్లో పోతాయి. ఇవి జెర్మేనియంలో సగటున 2 సెంటీమీటర్లకు పైగా పోతే గానీ దేన్నీ ఢీకొనవు. మా స్ఫటికం అడ్డకొలత 6 సెంటీమీటర్ల లోపు. కాబట్టి బయటికి జారుకునే అవకాశం బాగానే ఉంది. రెండూ లోపలే చిక్కితే మొత్తం 2614.5 లెక్కకొస్తుంది. ఒకటి పారిపోతే 2103.5. రెండూ పారిపోతే 1592.5. పుస్తకాల్లో వీటిని సింగిల్ ఎస్కేప్, డబుల్ ఎస్కేప్ పీకులంటారు.

"అయితే ఆ 1592 దగ్గర ఒక్కో లెక్క వెనకా ఒక్కో పాజిట్రాన్ పుట్టిందన్నమాట" అంది. అవును. శక్తి నుంచి పదార్థం పుట్టడం అంటే బిగ్ బ్యాంగ్ బొమ్మ గుర్తొస్తుంది అందరికీ. మా గూడులో రాత్రంతా, ఏసీ ఆగినా ఆగకపోయినా, అదే జరుగుతోంది.

తరవాత ఆమె అడిగిన ప్రశ్న: "శక్తి గడ్డకట్టి పదార్థం అవుతుందని చదివాను. ఇక్కడ గడ్డకట్టింది ఏది?" ఏదీ గడ్డకట్టలేదు. శక్తి నీళ్లలాంటి వస్తువు కాదు, ఐసు కావడానికి. ఫోటాన్ అనే ఒకటి పోయింది, రెండు కణాలు వచ్చాయి. ముందూ తరవాతా జమాఖర్చు సరిపోవాలి, ప్రకృతి పట్టుబట్టేది అంతవరకే. విద్యుదావేశం సున్నా నుంచి మొదలైంది కాబట్టి ఒకటే ఎలక్ట్రాన్ పుట్టడానికి వీల్లేదు, జంటగానే రావాలి. శక్తి 1022కి తక్కువైతే ధర చాలదు. సీసియం-137 ఎంత బలమైన సోర్సు పెట్టినా 661.7 కేఈవీతో ఒక్క జంట కూడా పుట్టదు. ద్రవ్యవేగం కూడా సరిపోవాలి. కేంద్రకం పక్కన ఎందుకుండాలో చెప్పేది ఇదే. నేను దీన్ని క్లాసులో ఒక్క వాక్యంలో దాటేసేవాణ్ణి, ఆమె దాటనివ్వలేదు.

పుట్టిన జంటతో పాటే పరుగెత్తుతూ చూస్తున్నామనుకోండి. మన దృష్టిలో రెండింటి ద్రవ్యవేగం కలిపితే సున్నా. అంటే పుట్టకముందు కూడా సున్నా ఉండాలి. కానీ అప్పుడున్నది ఒకే ఫోటాన్. ఫోటాన్ పక్కన ఎవరు ఎంత వేగంగా పరుగెత్తినా దాని ద్రవ్యవేగం సున్నా కాదు. లెక్క కుదరదు. శూన్యంలో ఒంటరి ఫోటాన్ ఎంత శక్తి ఉన్నా జంటను కనలేనిది అందుకే. పక్కన కేంద్రకం ఉంటే మిగిలిన ద్రవ్యవేగం అది పుచ్చుకుంటుంది. జెర్మేనియం కేంద్రకం ఎలక్ట్రాన్ కంటే లక్షా ముప్పై వేల రెట్లు బరువు. ద్రవ్యవేగం పుచ్చుకున్నా కదిలేది అంతంత మాత్రం, దానికి పోయే శక్తి 0.2 కేఈవీ మించదు. మా పీకు 1592.5 దగ్గర అంత సన్నగా నిలబడటానికి కారణం అదే. మంత్రసాని ఫీజు తీసుకోలేదు.

ఇంకో మాట ఆమే అంది, నాకు ఎప్పుడూ తట్టలేదు. పాజిట్రాన్‌తో అంతరించేది అప్పుడే పుట్టిన ఎలక్ట్రాన్ కానక్కర్లేదు, దారిలో దొరికిన ఏదో పాతది. అంటే ఒక కొత్త ఎలక్ట్రాన్ స్ఫటికంలో ఉండిపోతుంది, ఒక పాతది పోతుంది. స్ఫటికం మొత్తం లెక్క మారదు. ఎలక్ట్రాన్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్తది ఏదని అడగడానికి అర్థమే లేదు.

మరి ప్రోటాన్లు ఎందుకు పుట్టవని కూడా మాట వచ్చింది. ప్రోటాన్ ధర 938.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి జంట ఆంటీప్రోటాన్ కావాలి. మొత్తం మా థాలియం గామా శక్తికి 700 రెట్లకు పైమాటే. అమెరికాలోని బర్కిలీలో బెవట్రాన్ అనే పెద్ద యంత్రం కట్టాక, 1955లో గానీ మనుషులు ఆంటీప్రోటాన్‌ని పుట్టించలేకపోయారు. ఇంటి లెక్కలో చెప్పాలంటే, ఒక్క గ్రాము ద్రవ్యరాశికి సమానమైన శక్తి రెండున్నర కోట్ల కరెంటు యూనిట్లు.

నమ్మకం కుదిరిన పరీక్షలు

అంకెలు కుదిరాయని ఊరుకోవచ్చు. కానీ లాంథనం విషయంలో కూడా అంకెలు కుదిరినట్టే అనిపించాయి కదా. అందుకే ఒక ప్రశ్న వేసుకున్నాం: ఈ పీకులు ఇసుకలోని ఏదో కేంద్రకానివైతే ఏది మారకూడదు, స్ఫటికంలో పుట్టినవైతే ఏది మారాలి?

ఇసుక లేకుండా థోరియం కావాలి. మా టెక్నీషియన్ పెద్దాయన, ద్రవ నైట్రోజన్ పోస్తూ, "పెట్రోమాక్స్ మాంటిల్ ఉంది కదండీ" అన్నాడు. అప్పట్లో వచ్చే మాంటిళ్లను థోరియం ద్రావణంలో ముంచి చేసేవారు, వేడెక్కితే తెల్లగా వెలిగేది ఆ ఆక్సైడే. పెళ్లిళ్లకి లైట్లు అద్దెకిచ్చే దుకాణానికి పోయి, ఆ ఏడాది తయారైనవే చూసి రెండు డజన్లు తెచ్చాడు. కొత్తవి ఎందుకంటే, థోరియం శుద్ధి చేసేటప్పుడు వరుసలోని రేడియం-228 వేరైపోతుంది. అది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, అందాకా దాని సంతానం యాక్టీనియం-228 పలచగా ఉంటుంది. థోరియం-228 మాత్రం రసాయనికంగా థోరియమే కాబట్టి మిగిలిపోతుంది, థాలియం వచ్చేది దాని వైపు నుంచి. కాబట్టి కొత్త మాంటిల్లో 1588 చతికిలబడాలి, 1592 నిలబడాలి. లెక్కించాం. సరిగ్గా అలాగే వచ్చింది. 1592కీ 2614కీ నిష్పత్తి ఇసుకలో ఎంతో మాంటిల్లోనూ దాదాపు అంతే.

తరవాత పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉన్న చిన్న జెర్మేనియం స్ఫటికం మీద అదే ఇసుక డబ్బా పెట్టాం. నిష్పత్తి పెరిగింది. చిన్న స్ఫటికం నుంచి 511లు తేలిగ్గా పారిపోతాయి. ఇసుకలోని కేంద్రకానికి మా డిటెక్టర్ సైజు ఎలా తెలుస్తుంది?

చివరిది కాస్త కష్టపడి చేశాం. పారిపోయే 511ని బయట పట్టుకోవాలి. మూల పడి ఉన్న పాత సోడియం అయొడైడ్ డిటెక్టర్‌ని జెర్మేనియం పక్కన పెట్టి, అందులో 511 పడ్డ క్షణంలోనే జెర్మేనియంలో ఏం పడిందో చూశాం. ఫలితం గజిబిజి: 2103 కాస్త లేచింది గానీ 2614 కూడా వదల్లేదు. మళ్లీ థాలియం సొంత 510.8 పనే, అది 2614తో పాటే వస్తుంది. సోడియం అయొడైడ్‌కి 510.8కీ 511కీ తేడా తెలియదు. అప్పుడు ఇంకొకటి అడిగి తెచ్చి, జెర్మేనియానికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా పెట్టి, మాంటిళ్ల కట్టకీ వాటికీ మధ్య సీసపు ఇటుకలు పేర్చి, రెండింట్లోనూ ఒకేసారి 511 పడితేనే లెక్కించమన్నాం. ఎదురెదురు దిక్కుల్లో రెండు 511లు ఒకేసారి పంపేది అంతరించే పాజిట్రాన్ ఒక్కటే. రాత్రంతా నడిచింది. పొద్దున తెర మీద ఎక్కడికక్కడ ఖాళీ, 1592 దగ్గర ఒక్కటే సన్నటి పీకు. ఆమె ఫోన్‌తో ఫోటో తీసుకుంది. నేను కూడా తీసుకున్నాను.

పీకుల వెడల్పు కూడా కథ చెప్పింది. 2103 పక్కవాటి కంటే లావు, 1592 కాదు. అంతరించే క్షణంలో స్ఫటికంలోని ఎలక్ట్రాన్‌కి కాస్త కదలిక ఉంటుంది, దానివల్ల ఒక ఫోటాన్ 511 కంటే కొంచెం ఎక్కువ, రెండోది అంతే తక్కువ అవుతాయి. ఒకటే పారిపోతే ఆ ఎక్కువతక్కువ పీకులోకి వస్తుంది. రెండూ పారిపోతే మొత్తం ఎప్పుడూ 1022, తేడా కొట్టుకుపోతుంది. ఈ సన్నటి 1592 పీకునే ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెర్డా ప్రయోగం వాళ్లు తమ జెర్మేనియం స్ఫటికాలకి గీటురాయిగా వాడుకున్నారు, ఒకేచోట శక్తి దిగబడిన సంకేతం ఎలా ఉంటుందో నేర్పడానికి.

ఇంతకంటే పెద్ద ఓదార్పు చరిత్రలో దొరికింది. 1930లో అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థలో చుంగ్ యావ్ చావ్ అనే చైనా విద్యార్థి గామా కిరణాలు సీసంలో ఎంత ఆగుతాయో కొలిచాడు. లెక్క ప్రకారం ఆగాల్సిన దాని కంటే ఎక్కువ ఆగుతున్నాయి, పైగా అర మెగా ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర అన్ని దిక్కులకీ ఏదో అదనపు కిరణం వస్తోంది. ఏమిటో తెలియదు. ఆయన వాడిన సోర్సుని అప్పట్లో థోరియం సి డబుల్ ప్రైమ్ అనేవారు. మనం ఇప్పుడు థాలియం-208 అంటాం. అదే గామా, అదే 511. అప్పటికి పాజిట్రాన్ అనే మాటే లేదు. 1932లో అదే సంస్థలో ఆండర్సన్ క్లౌడ్ ఛాంబర్లో (కణాల జాడలు కనబడే పరికరం) దాన్ని చూశాడు, 1933లో బ్లాకెట్, ఒకియాలినీ కేంబ్రిడ్జిలో జంటగా పుట్టడం చూసి అర్థం చెప్పారు. చావ్‌కి పేరు లేని కణం ఎదురైంది. మాకు అన్నీ తెలిసి ఎదురైంది.

పాఠాలు

సాఫ్ట్‌వేర్ పేరు పెట్టేముందు పీకుల మధ్య తేడాలు కట్టాలి. ఇప్పుడు మా ల్యాబ్‌లో 511, 1022 తేడాల కాలమ్ లేని పట్టిక నేను చూడను. 1022కి బాగా పైన గట్టి పీకు ఉంటే దాని కింద ఈ రెండు చోట్లూ ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం.

ఏ పరీక్షకి ఎంత సమయం పడుతుందో, అది నిజంగా దేన్ని తేలుస్తుందో ముందు రాసుకుని, చవకది ముందు చేయాలి. గంటలో అయ్యే కాలిబ్రేషన్‌ని వదిలేసి 13 రోజులు ఆగడానికి కారణం లాంథనం అన్న మాటలోని భయం, ఇంకేం కాదు. కాలిబ్రేషన్ సరిచూసుకోవడానికి తెలిసిన పీకు ఎంత జరిగిందో చూడాలి, దానికి మాఫీలు ఇవ్వకూడదు.

‘శాంపిల్ వల్ల వచ్చింది’, ‘శాంపిల్లో ఉంది’ ఒకటి కావు. బ్యాక్‌గ్రౌండ్ పరీక్ష మొదటిదే చెబుతుంది. రెండోది తెలియాలంటే డిటెక్టర్ని మార్చి చూడాలి.

చేయాల్సిన పని ఒకటి మిగిలింది. సోడియం అయొడైడ్ రోజుల అలవాటుతో, జెర్మేనియం వచ్చిన కొత్తలో యాక్టీనియం కొలవడానికి 1588 చుట్టూ 5 కేఈవీ అటూ ఇటూ ఉన్నదంతా కూడేవాళ్లం. అంటే పక్కనున్న 1592 కూడా అందులో పడేది, మా స్ఫటికంలో పుట్టిన పాజిట్రాన్లని ఇసుకలోని యాక్టీనియంగా చూపించామన్నమాట. అలా బయటికి పంపిన రిపోర్టులు రెండున్నాయి. వాటిని వెనక్కి తెప్పించి, 1588 వదిలేసి, 911.2, 969.0 గీతలతో మళ్లీ లెక్క కట్టి, సంతకం పెట్టి పంపాం. ఒకదానిలో థోరియం అంకె కొంచెమే తగ్గింది. రెండోది పలచని శాంపిల్, అందులో దాదాపు ఏమీ మారలేదు.